మిగిలిపోయిన తొడుగులు

బోర్డు మీద రక్తనాళం బొమ్మ వేసిన ప్రతిసారీ ఒకే వరసలో వేసేదాన్ని. ముందు లోపలి కణాల వలయం. దాని చుట్టూ ఒక సన్నని గీత. ఆ గీతకు బయట కండర కణాలు, ఇంకా బయట నాలుగు పోగులు. కణాలకు పేర్లు రాసేదాన్ని, కేంద్రకాలకు చుక్కలు పెట్టేదాన్ని. ఆ సన్నని గీతకు మాత్రం చాలా ఏళ్లు పేరు కూడా రాయలేదు. ఎవరైనా అడిగితే "అది ఆధార త్వచం, కణాలు దాని మీద కూర్చుంటాయి" అని చెప్పి ముందుకెళ్లిపోయేదాన్ని.

ఈ వ్యాసం ఆ గీత గురించే. ఆ గీతా, దాని బయటి పోగులూ లేకపోతే రక్తనాళం తయారే కాదు, తయారైనా నిలవదు. నాళం ఎటు పోవాలో, ఎంత లావు కావాలో, ఎక్కడ ఆగాలో చెప్పడంలో వాటిది కణాలతో సమానమైన పాత్ర. కొన్ని చోట్ల కణాల కంటే పెద్ద పాత్ర. పాఠాల్లో గానీ, మందుల వేటలో గానీ మనం వాటికి ఆ స్థానం ఇవ్వలేదు. ఇవ్వనందుకు నష్టపోయాం కూడా. ఇదీ నా వాదన.

ఆ గీతనూ, ఆ పోగులనూ కలిపి మన పుస్తకాల్లో మాత్రిక అంటారు. సంయోజక కణజాలం పాఠంలో వస్తుంది, "కణాల మధ్య ఖాళీని నింపే పదార్థం" అని. నాకు గొడవంతా ఆ 'నింపే' అన్న మాటతోనే. రెండు ఇటుకల మధ్య సున్నం నింపుతాం. సున్నానికి ఏ గది ఎక్కడుండాలో తెలియదు. మాత్రికకు తెలుసు.

నాకు ఇది పుస్తకం చదివి తెలిసింది కాదు. పరిశోధన విద్యార్థిగా ఉన్నప్పుడు బొడ్డుతాడు సిర నుంచి తీసిన కణాలను పెంచేదాన్ని. నాళాల లోపలి పొరగా ఉండే కణాలివి. ప్లాస్టిక్ పళ్లెంలో అవి పరిచిన నాపరాళ్లలా ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని, ఖాళీ లేకుండా నిండిపోయి ఆగిపోతాయి. చూడ్డానికి చక్కగా ఉంటుంది గానీ అక్కడ నాళం అనిపించేది ఏమీ ఉండదు. ఒకరోజు మధ్యాహ్నం అవే కణాలను, అదే ద్రావణంలో, మాట్రిజెల్ అనే జెల్ మీద వేశాను. ఎలుకల్లో పెరిగే ఒక రకం కణితి నుంచి తీసే జెల్ అది. అందులో ఎక్కువగా ఉండేది లామినిన్, ఆ తర్వాత నాలుగో రకం కొల్లాజెన్. ఆధార త్వచంలో ఉండే ప్రోటీన్లే ఇవి. సాయంత్రం మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే కణాలు పొడుగ్గా సాగి, ఒకదాని చివర ఒకటి పట్టుకుని, వల అల్లినట్టు ఉన్నాయి. 1988లోనే ఈ ప్రయోగం అచ్చయింది. నాకది తెలుసు. తెలిసినా, కళ్లతో చూసిన ఆ సాయంత్రం చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. కణాలు మారలేదు. వాటి జన్యువులు మారలేదు. కాళ్ల కింద నేల మారిందంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ జెల్‌లో గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్లు కూడా కొన్ని కలిసే ఉంటాయి. రక్తనాళాలకు సంబంధం లేని కొన్ని కణాలు సైతం దాని మీద వలలాగే సర్దుకుంటాయి. కాబట్టి ఈ ఒక్క ప్రయోగంతో నా వాదన నెగ్గదు. అసలు సాక్ష్యం పిండంలో ఉంది.

పిండంలో రక్తనాళాలు చాలా తొందరగా మొదలవుతాయి. మనిషిలో మూడు వారాలు దాటగానే గుండె కొట్టుకోవడం మొదలుపెడుతుంది, అప్పటికే దానికి తగిలించిన తొలి నాళాలు సిద్ధంగా ఉండాలి. ఆ దశలో కణాల చుట్టూ ఎక్కువగా కనిపించేది ఫైబ్రోనెక్టిన్. ఇది చాలా పొడవైన ప్రోటీన్. కణాలు దీన్ని పట్టుకుని లాగితే పోగులుగా సాగుతుంది. ఎక్కడ పట్టుకుంటాయో 1984లో తేలింది: ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడు అమైనో ఆమ్లాలు వరసగా ఉన్న చోట. అంత పెద్ద అణువులో కణానికి పిడిలా దొరికేది ఆ మూడక్షరాల మాటే. పట్టుకునే చేతుల్ని ఇంటెగ్రిన్లు అంటారు. అవి కణం పొరలో దూరి ఉంటాయి. బయటి కొస మాత్రికను పట్టుకుంటే లోపలి కొస కణం అస్థిపంజరానికి అతుక్కుని ఉంటుంది. బయట నేల గట్టిగా ఉందో మెత్తగా ఉందో, లాగుతోందో వదిలేసిందో కణానికి తెలిసేది ఈ చేతుల ద్వారానే.

1993లో రిచర్డ్ హైన్స్ బృందం ఫైబ్రోనెక్టిన్ జన్యువు లేని ఎలుక పిండాలను తయారుచేసింది. అవి పుట్టలేదు. గర్భంలోనే, గుండె, నాళాలు సరిగా ఏర్పడక చనిపోయాయి. ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకునే ముఖ్యమైన ఇంటెగ్రిన్‌ను తీసేసినా పిండాలు బతకలేదు. అంతకు పదేళ్ల ముందు ఇంకో సంగతి బయటపడింది. ఒక వైరస్ వెళ్లి మొదటి రకం కొల్లాజెన్ జన్యువులో దూరి దాన్ని పాడుచేసిన ఎలుకల జాతి ఉండేది. ఆ పిండాలు 12, 14 రోజుల మధ్య చనిపోయేవి. కారణం ఎముకలు కాదు, చర్మం కాదు. పెద్ద రక్తనాళాలు చిట్లిపోవడం. కొల్లాజెన్ అనగానే మనకు ఎముకా, చర్మం ముడతలూ గుర్తొస్తాయి. పిండానికి మాత్రం దాని అవసరం ముందు రక్తనాళంలోనే పడింది.

2004లో నాలుగో రకం కొల్లాజెన్ ప్రధాన గొలుసులు రెండూ లేని పిండాల గురించి వచ్చిన పరిశోధన నాకు వీటన్నిటికంటే ఇష్టం. ఎందుకంటే ఆ ఫలితం ఎవరూ ఊహించినట్టు రాలేదు. నాలుగో రకం కొల్లాజెన్ ఆధార త్వచానికి వెన్నెముక లాంటిది, అది లేకపోతే త్వచమే ఏర్పడదని అనుకోవడం సహజం. కానీ త్వచం ఏర్పడింది. లామినిన్ మొదటి అల్లికను తనే వేసుకుంది. కొన్ని రోజులు బాగానే నడిచింది. తర్వాత తన మీద పడే ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ త్వచం నిలవలేక, 10, 11 రోజుల ప్రాంతంలో పిండాలు చనిపోయాయి. అంటే ఇక్కడ రెండు పనులున్నాయి, రెండు ప్రోటీన్లున్నాయి. మొదటి గీత గీసేది ఒకటి, ఆ గీతను బరువు మోసేలా చేసేది ఇంకొకటి. 'నింపే పదార్థం' అన్న మాటలో ఈ తేడాకు చోటెక్కడుంది?

ఆ కొల్లాజెన్ పూర్తిగా లేకపోవడం కాకుండా, కాస్త తప్పుగా తయారైతే? 2005, 2006లో వచ్చిన పరిశోధనలు చెప్పింది ఇది: ఒక్క గొలుసులో లోపమున్న ఎలుకలకు మెదడులో నాళాలు బలహీనంగా ఉండి, పుట్టే సమయంలో రక్తస్రావమయ్యేది. అవే ఎలుక పిల్లల్ని ఆపరేషన్ చేసి బయటికి తీస్తే, ప్రసవంలో తల మీద పడే నొక్కుడు తప్పినందుకు, ఆ తీవ్రమైన రక్తస్రావం తప్పింది. అదే జన్యువులో లోపమున్న కుటుంబాల్లో మనుషులకూ మెదడులో చిన్న నాళాల జబ్బు, స్ట్రోక్ కనిపించాయి. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నా బొమ్మలో నేను పేరు రాయని గీత గుర్తొచ్చి బాధేసింది. ఆ గీత మందం ఒక మిల్లీమీటరులో పదివేలో వంతు ఉంటుందేమో. ఒక పసిప్రాణం పుట్టుక దాని మీద ఆధారపడింది.

"అదంతా సరే, అసలు ఆజ్ఞ ఇచ్చేది వీఈజీఎఫ్ కదా" అని నా తోటి పరిశోధకులు చాలాసార్లు అన్నారు. ఇది చిన్న అభ్యంతరం కాదు. వీఈజీఎఫ్ అనేది నాళాలను పెరగమని చెప్పే ప్రోటీన్. దాని జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి పోయినా ఎలుక పిండం బతకదని 1996లో రెండు బృందాలు వేర్వేరుగా చూపించాయి. సగం తగ్గినా తట్టుకోలేనంత కీలకమైనది. అందుకే పాఠాల్లో కథ ఇలా ఉంటుంది: ఆక్సిజన్ తక్కువైన కణజాలం వీఈజీఎఫ్‌ను వదులుతుంది, నాళం దాని వాసన పట్టుకుని వస్తుంది. కథ బాగుంది, నిజమే కూడా. కానీ సగమే.

మిగతా సగం ఏమిటంటే, వీఈజీఎఫ్ ఒకే రూపంలో ఉండదు. ఎలుకలో ప్రధానంగా మూడు రూపాలు, వాటిలోని అమైనో ఆమ్లాల లెక్కను బట్టి 120, 164, 188 అంటారు. 188 మాత్రికలోని హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులకు గట్టిగా అంటుకుంటుంది. 164 కొంత అంటుకుంటుంది, కొంత తిరుగుతుంది. 120 అంటుకోదు, ద్రవంలో కొట్టుకుపోతుంది. 2002లో వచ్చిన ఒక పరిశోధనలో 120 మాత్రమే ఉన్న ఎలుకలను చూశారు. ఆజ్ఞ ఉంది. కానీ నాళాలు కొమ్మలు సరిగా వేయలేదు. ఉన్నవి లావైపోయాయి. నాళం కొసన ఉండి దారి వెతికే కణం సన్నని వేళ్లు చాచి చుట్టూ తడుముతుంది. ఆ వేళ్లకు దిక్కు తెలియాలంటే వీఈజీఎఫ్ ఒక చోట ఎక్కువగా, ఒక చోట తక్కువగా ఉండాలి. అలా ఉంచేది మాత్రిక. పట్టి ఉంచే చేయి లేకపోతే ఆ ప్రోటీన్ అంతటా ఒకేలా పరుచుకుపోతుంది. 'పెరుగు' అన్న మాట వినిపిస్తుంది, 'ఇటు పెరుగు' అన్నది వినిపించదు.

కంటిలో ఇది ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఎలుక పుట్టినప్పుడు దాని రెటీనాలో నాళాలు దాదాపు ఉండవు. పుట్టాక నడుమ నుంచి అంచులకు పాకుతాయి. వాటికంటే ముందే ఆస్ట్రోసైట్లు అనే కణాలు ఫైబ్రోనెక్టిన్ పోగుల వల పరిచి పెడతాయి. నాళం కొసకణం ఆ పోగుల వెంట నడుస్తుంది. మనిషి బిడ్డలో ఈ పని గర్భంలోనే, దాదాపు నాలుగో నెల నుంచి నెలలు నిండే దాకా జరుగుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల రెటీనాను కంటి డాక్టర్లు అంత టెన్షన్‌గా పరీక్షించేది అందుకే. అక్కడ నాళాల పని సగంలో ఉంటుంది.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆగాల్సింది ఎలాస్టిన్ దగ్గర.

గుండె కొట్టినప్పుడల్లా బృహద్ధమని ఉబ్బి, మళ్లీ ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు రక్తాన్ని ముందుకు తోస్తుంది. అందుకే రెండు దెబ్బల మధ్య కూడా రక్తం ఆగదు. నిమిషానికి 70 సార్లనుకుంటే ఏడాదికి 3 కోట్ల 68 లక్షల సార్లు. 70 ఏళ్ల జీవితంలో 250 కోట్లకు పైన. ఇన్నిసార్లు సాగి వెనక్కి వచ్చే పదార్థం ఎలాస్టిన్. ఇది గోడలో పలకలు పలకలుగా ఉంటుంది, పలకకూ పలకకూ మధ్య ఒక వరస కండర కణాలు. 1967లో వొలిన్‌స్కీ, గ్లాగోవ్ అనే ఇద్దరు చిట్టెలుక నుంచి పంది దాకా రకరకాల క్షీరదాల బృహద్ధమనులు తీసి పలకలు లెక్కపెట్టారు. జంతువు పెద్దదయ్యే కొద్దీ పలకలు పెరుగుతాయి, కానీ ఒక్కో పలక మీద పడే బరువు మాత్రం అన్ని జంతువుల్లోనూ దాదాపు ఒకటే. చిట్టెలుకలో పదిలోపు, మనిషిలో యాభై అరవై పలకలు. ఎవరో తూచి వేసినట్టు. ఎదుగుతున్న పిండంలో ఆ లెక్క కట్టేదెవరు? కండర కణాలు తమ మీద పడే ఒత్తిడిని మాత్రిక ద్వారా తెలుసుకుంటూ, పలక తర్వాత పలక వేసుకుంటూ పోతాయి. గోడే తన మందాన్ని కొలుచుకుంటుంది.

1998లో ఎలాస్టిన్ అసలే లేని ఎలుకల గురించి వచ్చిన ఫలితం అందరి ఊహనూ తలకిందులు చేసింది. సాగే గుణం లేని ధమని ఏమవ్వాలి? ఉబ్బిపోయి చిట్లాలి. అలా జరగలేదు. పుట్టిన నాలుగైదు రోజుల్లో ఆ ఎలుక పిల్లలు చనిపోయాయి, ధమనులు మూసుకుపోయి. గోడలోని కండర కణాలు ఆపూ అంతూ లేకుండా పెరిగి, లోపలికి చొచ్చుకొచ్చి దారిని పూడ్చేశాయి. ఇది రక్తపు ఒత్తిడి వల్ల జరిగిన పని కూడా కాదు. ధమనిని బయటికి తీసి, రక్త ప్రవాహం లేకుండా పళ్లెంలో పెంచినా అదే జరిగింది. వాపు లేదు, గడ్డకట్టడం లేదు, లోపలి పొరకు దెబ్బ లేదు. అంటే ఎలాస్టిన్ కండర కణంతో ఇన్నాళ్లూ ఒక మాట చెబుతూ వచ్చింది: ఇక చాలు, పెరగకు, నీ చోట నువ్వుండు అని. ఆ మాట చెప్పేది లేకపోయేసరికి కణాలు అదుపు తప్పాయి. 'ఖాళీని నింపే పదార్థం' పోతే ఖాళీ మిగలాలి కదా. ఇక్కడ ఖాళీయే లేకుండా పోయింది.

మనుషుల్లో విలియమ్స్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ఏడో క్రోమోజోము రెండు ప్రతుల్లో ఒకదానిలో ఒక చిన్న ముక్క ఉండదు, ఎలాస్టిన్ జన్యువు ఆ ముక్కలోనే ఉంటుంది. వాళ్లలో చాలామందికి గుండె కవాటానికి కాస్త పైన బృహద్ధమని ఇరుకుగా ఉంటుంది. ఎలాస్టిన్ సగమే ఉన్న ఎలుకల్లో పలకలు మూడో వంతుకు పైగా ఎక్కువయ్యాయి. మనుషుల్లో రెండున్నర రెట్లు. పలక పలుచనైపోయింది కాబట్టి గోడ పలకల సంఖ్య పెంచుకుని సర్దుకోవాలని చూస్తుంది. ఆ సర్దుబాటే దారిని ఇరుకు చేస్తుంది.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. ఎలాస్టిన్ తయారీ దాదాపు అంతా గర్భంలో చివరి నెలల్లోనూ, బాల్యంలోనూ జరిగిపోతుంది. ఆ తర్వాత శరీరం కొత్తది చెయ్యడం దాదాపు మానేస్తుంది. 1991లో ఊపిరితిత్తుల ఎలాస్టిన్ వయసును ఒక విచిత్రమైన పద్ధతిలో లెక్కకట్టారు: అణుబాంబుల పరీక్షల వల్ల గాలిలో కలిసిన రేడియో కార్బన్ ఎంతవరకు ఆ పోగుల్లోకి చేరిందో చూసి. సగటున 74 ఏళ్లు అక్కడే ఉంటుందని తేలింది. మన ఎర్ర రక్తకణాలు నాలుగు నెలలకొకసారి కొత్తవి వస్తాయి, పేగు లోపలి పొర కొన్ని రోజులకే మారిపోతుంది. ముసలితనంలో ఒక మనిషి ధమనిలో సాగుతున్న పోగు మాత్రం ఆ మనిషి పసిబిడ్డగా ఉన్నప్పుడు అల్లుకున్నదే. మా అమ్మమ్మ చేతి నాడి పట్టుకున్నప్పుడల్లా నాకు ఇది గుర్తొచ్చేది. నా వేళ్ల కింద కదులుతున్నది వాళ్లమ్మ కడుపులో ఉండగా మొదలైన అల్లిక.

అందుకే రక్తనాళాల ఎదుగుదల పిండశాస్త్రంలో ఒక అధ్యాయం మాత్రమే అని నేను ఒప్పుకోను. అప్పుడు వేసిన గోడతోనే మనిషి చివరిదాకా బతుకుతాడు.

ఎలాస్టిన్ పలకల్ని పట్టి ఉంచే సన్నని పోగుల్లో ఫైబ్రిల్లిన్ ఉంటుంది. ఆ జన్యువులో లోపం వస్తే మార్ఫాన్ సిండ్రోమ్. 1896లో ఆంట్వాన్ మార్ఫాన్ ఐదేళ్ల పాపలో పొడవైన, సన్నని వేళ్లను గమనించి రాసినప్పుడు బృహద్ధమని సంగతి ఆయన దృష్టిలో లేదు. తర్వాత తెలిసింది, ప్రాణం తీసేది ఆ ధమని ఉబ్బి చీలడమేనని. 1991లో జన్యువు దొరికాక అందరూ అనుకున్నది సులువైన మాట: పోగు బలహీనం, గోడ బలహీనం. 2000 తర్వాత హాల్ డీట్జ్ బృందం వేరే మాట చెప్పింది. ఫైబ్రిల్లిన్ పోగులు టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్‌ను తాళం వేసి ఉంచుతాయి, పోగు పాడైతే తాళం ఊడి ఆ సంకేతం మితిమీరుతుందని. 2006లో ఎలుకల్లో లోసార్టాన్ అనే పాత బీపీ మందు ఆ సంకేతాన్ని తగ్గించి బృహద్ధమని ఉబ్బకుండా కాపాడింది. ఎంత ఆశ కలిగిందో ఆ రోజుల్లో! 2014లో 608 మంది పిల్లలు, యువతీయువకుల మీద మూడేళ్లు చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. అప్పటికే వాడుతున్న అటెనొలాల్ కంటే లోసార్టాన్ మెరుగ్గా పనిచేయలేదు.

ఈ ఫలితం నా వాదనకు అడ్డమని దాచిపెడితే తప్పవుతుంది. మాత్రిక సంకేతాలను పట్టి ఉంచుతుందన్నది నిజం. కానీ 'గోడ బలహీనం' అన్న పాత మాటను పక్కకు నెట్టి 'సంకేతం ఎక్కువ' అన్న కొత్త మాట ఒక్కటే పట్టుకోవడం కూడా తొందరపాటే. మాత్రిక ఒకే సమయంలో మోసేదీ, మాట్లాడేదీ. ఏదో ఒకటే అనుకున్నప్పుడల్లా దెబ్బ తిన్నాం.

కణితుల కథలోనూ ఇదే జరిగింది. కణితి పెరగాలంటే రక్తనాళాలను తన వైపు రప్పించుకోవాలని, వాటిని ఆపితే కణితి ఆగుతుందని 1971లో జూడా ఫోక్‌మన్ రాశారు. 1997లో ఆయన బృందమే ఎండోస్టాటిన్‌ను ప్రకటించింది. అది 18వ రకం కొల్లాజెన్ తోక ముక్క. నాళం గోడలో ఉండే ప్రోటీన్, తెగితే అదే నాళాన్ని పెరగొద్దని చెబుతుంది! ఎలుకల్లో కణితులు కుంచించుకుపోయాయి. మనుషుల్లో ఆ స్థాయి ఫలితం రాలేదు. కొంత మార్చిన రూపానికి 2005లో చైనాలో అనుమతి వచ్చింది. ఇంటెగ్రిన్ కథ ఇంకా చిక్కుగా సాగింది. కొత్త నాళాలకు ఒక రకం ఇంటెగ్రిన్ తప్పనిసరి అని 1994లో తేలినట్టే అనిపించింది, దాన్ని అడ్డుకునే మందులు తయారయ్యాయి. 2002లో అదే ఇంటెగ్రిన్ లేని ఎలుకలను చూస్తే కణితుల్లో నాళాలు తగ్గలేదు సరికదా, పెరిగాయి. సిలెంజిటైడ్ అనే మందు మెదడు కణితి రోగుల మీద జరిగిన పెద్ద పరీక్షలో ఆయుష్షు పెంచలేకపోయింది. ఆ ఫలితం 2014లో అచ్చయింది. చేతిని కట్టేస్తే పట్టు పోతుందనుకున్నారు. ఆ చెయ్యి పట్టుకోవడంతో పాటు ఆపడం కూడా చేస్తోందని, ఏ ప్రోటీన్‌ను పట్టుకుంటే ఏం చెబుతుందో చూడాలని ఆలస్యంగా తెలిసింది.

నేను ఈ వ్యాసానికి పేరు తీసుకున్న పరిశోధన 2006లోది. కణితులున్న ఎలుకలకు వీఈజీఎఫ్ మార్గాన్ని అడ్డుకునే మందు వారం రోజులిచ్చారు. కణితిలో నాళాలు సగానికి పైగా పోయాయి. కణాలు చనిపోయాయి, రక్తం లేదు. మైక్రోస్కోప్ కింద మాత్రం అవి ఉన్న చోటల్లా ఆధార త్వచం ఖాళీ తొడుగుల్లా మిగిలి ఉంది. పాము వెళ్లిపోయాక కుబుసం మిగిలినట్టు. మందు ఆపిన ఒక్క రోజుకే ఆ తొడుగుల్లోకి కొత్త కణాలు పాకడం మొదలుపెట్టాయి. ఏడు రోజులకు కణితి మళ్లీ పూర్తిగా నాళాలతో నిండింది. పాత దారుల్లోనే.

ఆ ఫొటోలు చూశాక నా బోర్డు బొమ్మ నాకు అబద్ధంలా అనిపించింది. కణాలు పోయినా గీత ఉంది. గీత ఉంది కాబట్టి నాళం తిరిగొచ్చింది. ఆ మందు రూపొందించినవాళ్లు తెలివైనవాళ్లే, కానీ ఆ రోజుల్లో చాలామంది ప్రశ్న 'కణాన్ని ఎలా చంపాలి' అన్నదే. దారి చెరిగిందా లేదా అన్న ప్రశ్న తర్వాత వచ్చింది. ఆరోగ్యకరమైన చోట ఇదే గుణం వరం కావచ్చు: దెబ్బతిన్న కండరంలో, చర్మంలో పాత తొడుగులు చెక్కుచెదరకుండా ఉంటే కొత్త నాళాలకు దారి వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

ఒక అభ్యంతరం మిగిలింది, దీన్ని ఒక విద్యార్థిని సూటిగా అడిగింది. "మేడమ్, ఆ తొడుగును అల్లింది కూడా కణాలే కదా. అప్పుడు కణమే ముందు అవుతుంది కదా?" అవును, ప్రతి అణువూ ఏదో ఒక కణం చేసినదే. కొన్ని మాత్రిక ప్రోటీన్లు లేకపోయినా పిండం నెట్టుకొస్తుందన్నది కూడా ఒప్పుకోవాలి. లామినిన్‌లో నాళాలకు ముఖ్యమైన ఒక గొలుసు లేని ఎలుకలు పుట్టే సమయంలో రక్తస్రావాలతో ఇబ్బంది పడ్డా, బతికి పెద్దవవుతాయి. ఫైబ్రోనెక్టిన్ లేకపోతే ఎంత నష్టం జరుగుతుందన్నది ఎలుక జాతిని బట్టి మారుతుంది. ఒకటి పోతే ఇంకొకటి కొంత సర్దుతుంది.

కానీ 'ముందు ఎవరు' అన్న ప్రశ్నకు పరిణామం ఇచ్చే జవాబు వినాలి. వెన్నెముక లేని చాలా జంతువుల్లో రక్తనాళానికి మనకున్నట్టు లోపలి కణాల పొర ఉండదు. రక్తం నేరుగా ఆధార త్వచాన్నే తాకుతూ ప్రవహిస్తుంది. కణాలు ఆ త్వచానికి అవతలి వైపు ఉంటాయి. వెన్నెముక జంతువులకు దగ్గరి బంధువైన ఆంఫియాక్సస్ అనే చేపలాంటి చిన్న సముద్రజీవిలోనూ అంతే. అంటే నాళం అన్నది మొదట మాత్రిక గోడల మధ్య సందుగా పుట్టింది. లోపల కణాల పొర వచ్చి పరుచుకున్నది తర్వాత. ఎలాస్టిన్ ఇంకా ఆలస్యంగా, దవడలున్న చేపలతో వచ్చింది. లాంప్రే లాంటి దవడల్లేని చేపల్లో అది లేదు. ఎలాస్టిన్ వచ్చాకే ఎక్కువ ఒత్తిడితో రక్తాన్ని తోసే మూసిన వ్యవస్థ నిలదొక్కుకుందని చాలామంది శాస్త్రవేత్తల ఆలోచన, నాకూ అది సబబుగానే తోస్తుంది. ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. "అయితే మనం లోపలి వైపు నుంచి బొమ్మ ఎందుకు మొదలుపెడతాం?" అంది. నా దగ్గర మంచి జవాబు లేదు. ఆ తర్వాతి తరగతి నుంచి ముందు గీత వేస్తున్నాను, పేరు రాస్తున్నాను, దాని మీద లామినిన్, కొల్లాజెన్ అని రెండు రంగుల్లో. కణాలు తర్వాత వేస్తాను.

ప్రయోగశాలలో రక్తనాళం తయారుచేసేవాళ్లు మాత్రం ఈ పాఠం ముందే నేర్చుకున్నారు. 1999లో లారా నిక్లసన్, ఆమె సహచరులు కరిగిపోయే పాలిమర్ గొట్టం మీద కండర కణాలు వేసి, గుండె కొట్టుకున్నట్టు గోడను సాగదీస్తూ వారాల తరబడి పెంచి ధమని లాంటిది తయారుచేశారు. ఆ కదలిక లేకుండా పెంచిన గొట్టాలు అంత గట్టిగా రాలేదు. కణాలకు కూర్చోబెట్టి తిండి పెడితే చాలదు, గోడను లాగుతూ ఉంటేనే అవి కొల్లాజెన్ బాగా వేస్తాయి. ఆ దారిలో నడిచి వచ్చిన మనిషి కణాల నాళానికి 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది, చేతులు, కాళ్లలో ధమనులు తెగిపోయి, సొంత సిర వాడే వీలు లేని పెద్దవాళ్ల కోసం. అందులో గమనించాల్సింది ఒకటుంది. నాళం తయారయ్యాక కణాలన్నిటినీ కడిగేస్తారు. రోగికి పెట్టేది ఉత్త మాత్రికే. కణాలుంటే రోగి శరీరం వాటిని పరాయివని తిప్పికొడుతుంది, మాత్రికకు ఆ గొడవ తక్కువ. పెట్టిన తర్వాత రోగి సొంత కణాలు మెల్లగా వచ్చి ఆ గోడలో కాపురం పెడతాయి.

అలా పెంచిన నాళాల్లో కొల్లాజెన్ బాగానే పడుతుంది. సాగే ఎలాస్టిన్ పలకలు మాత్రం సరిగా పడవు. పిండం చీకట్లో, కొన్ని నెలల్లో, పలక మీద పలక తూచి వేసే ఆ పనిని పళ్లెంలో చేయించడమే ఈ రంగంలో ఇప్పటికీ తెగని ముడి. దాన్ని విప్పాలనుకునేవాళ్లు మళ్లీ పిండం దగ్గరికే వెళ్తున్నారు. ఏ వారంలో ఏ పోగు ముందు పడుతుందో, దాన్ని ఏది పట్టుకుంటుందో ఒక్కొక్కటిగా చూస్తున్నారు.